ముందు చేతులు, తర్వాత గాలం

అమ్మలూ,

ఆఫీసు స్నేహితులతో కలిసి వచ్చే శనివారం మిల్ లాక్స్ సరస్సు మీదికి ఐస్ ఫిషింగుకి వెళ్తున్నావని అత్తయ్య చెప్పింది. చాలా సంతోషమేసింది. ఈ మిన్నెసోటా చలికి బెదిరి, నవంబరులో తలుపులు వేసుకుంటే మళ్ళీ ఏప్రిల్లో గానీ తీయని మనవాళ్ళని ఎంతమందినో చూశాను. ఒంటరితనంతో దిగులు పడిపోతారు పాపం. నువ్వు వచ్చిన మొదటి చలికాలంలోనే బయటికి అడుగు పెడుతున్నావు. వెళ్ళు తల్లీ, తప్పకుండా వెళ్ళు.

ఏ గ్లౌజులు కొనాలో, ఏ లూర్లు, అంటే ఉత్తుత్తి ఎరలు, కొనాలో మావయ్యని అడిగి చెప్పమన్నావట. ఫోనులో చెబితే సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను. దుకాణానికి వెళ్ళేముందు ఒకసారి తీరిగ్గా చదువుకో.

నువ్వు అడిగినవి రెండు ప్రశ్నలు గానీ, నా దృష్టిలో రెండూ ఒకటే. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలిలో, అడ్డూ ఆపూ లేని సరస్సు మీద గాలి కొడుతుంటే, నీ వేళ్ళు ఏం చేయగలవు? గ్లౌజులు ఎంచుకోవాల్సింది దాన్ని బట్టే, లూర్లు ఎంచుకోవాల్సిందీ దాన్ని బట్టే. వేళ్ళు కొయ్యబారాక ముడి వేయలేని లూర్, చేప నోట్లోంచి ఊడదీయలేని లూర్ ఎంత ఖరీదైనదైనా పెట్టెలోంచి బయటికి రాదు. అలాగే ఎంత వెచ్చని గ్లౌజులైనా, దారం పట్టుకున్న ప్రతిసారీ తీసేయాల్సి వస్తే అవి నీ చేతులకి కాపలా కాయలేవు.

ముందు గ్లౌజుల సంగతి చూద్దాం. అన్ని పనులకీ ఒకే జత సరిపోతుందనుకోవద్దు. దుకాణంలో అట్ట మీద ఎన్ని డిగ్రీల వరకు కాస్తుందో పెద్ద అక్షరాలతో వేసి ఉంటుంది. ఆ అంకె చూసి మోసపోకు. అక్కడ నీ చేతులు ఒక్క పని చేయవు కదా. ఐసుకి కన్నం తొలిచేటప్పుడు ఒళ్ళు చెమట పడుతుంది. గాలం పట్టుకుని కూర్చున్నప్పుడు చేయి కదలక రక్తం నెమ్మదిస్తుంది. కన్నంలో తేలే ఐసు ముక్కల్ని జల్లిగరిటెతో తీసేటప్పుడు, చేపని పట్టుకునేటప్పుడు తడుస్తుంది. ఈ తడే అసలు శత్రువు. గాలి కంటే నీళ్ళు ఒంట్లోని వేడిని పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి. పొడి చేతికి మైనస్ 20 ఓర్చుకోగలిగిన చలే. తడి చేతికి అదే చలి నిమిషాల్లో ప్రమాదం అవుతుంది.

అందుకని మూడు రకాలు దగ్గర పెట్టుకో. మొదటిది, చర్మాన్ని అంటుకుని ఉండే పల్చని ఉన్ని గ్లౌజులు. మెరినో ఉన్ని దొరికితే మరీ మంచిది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. నూలువి మాత్రం వద్దు. హైదరాబాదులో బండి మీద వెళ్ళేటప్పుడు వేసుకున్నవి పెట్టెలో ఉన్నాయని అత్తయ్య అంటోంది, అవి పెట్టెలోనే ఉండనీ. నూలు చెమటని పీల్చి, ఆ తడిని చర్మానికి అంటించి పెట్టుకుంటుంది. ఈ పల్చనివి మూడు జతలు కొను. తొలిచేటప్పుడు ఒకటి వేసుకుని, పని అవగానే చెమట పట్టినది తీసేసి పొడిది వేసుకో.

రెండోది, పైన వేసుకునే పెద్ద మిటెన్లు. ఇక్కడి పాతకాపులు చాపర్లు అంటారు, జింకతోలుతో కుట్టి లోపల ఉన్ని తొడుగు పెట్టినవి. ఈ ఉత్తరాది అడవుల్లో కట్టె కొట్టే వాళ్ళు వేసుకునేవారు. ఐదు వేళ్ళకీ ఐదు అరలుంటే ఏ వేలు చలి ఆ వేలిదే. మిటెన్లో నాలుగు వేళ్ళూ ఒకదాన్నొకటి కాచుకుంటాయి. లోపలి ఉన్ని తొడుగు విడిగా బయటికి వచ్చేదే కొను, ఆరబెట్టుకోవడం తేలిక. మిటెన్లకి తాడు ఉండేలా చూసుకో. మెడ చుట్టూనో మణికట్టుకో వేలాడాలి. నువ్వు చేయి బయటికి తీసి దారం పట్టుకున్నప్పుడు అవి ఐసు మీద పడి, లోపలికి మంచుపొడి వెళ్ళిందనుకో, ఇక ఆ రోజుకి అవి ఉన్నట్టా లేనట్టా?

మూడోది, తడి పనికి. రబ్బరు పూత పూసి, లోపల మెత్తని పొర ఉన్న జత. ఇక్కడ పడవల మీద పనిచేసే వాళ్ళు, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసే వాళ్ళు వాడేవే. చూపుకి ఆనవు, ఖరీదూ తక్కువే, కానీ నీళ్ళు లోపలికి రానివ్వవు. కన్నంలో చేయి పెట్టాలన్నా, బకెట్లో మిన్నోలని, అంటే ఎరకి వాడే చిన్నచేపల్ని అందుకోవాలన్నా వీటితోనే. చాలామంది ఖరీదైన జత ఒకటి కొని ఈ మూడోది కొనడం మానేస్తారు. నన్నడిగితే డబ్బు తక్కువైనప్పుడు ముందు కొనాల్సింది ఇదే.

వేళ్ళ కొసలు వెనక్కి మడిచే రకం కూడా ఉంటాయి. ముడులు వేయడానికి, లూర్ మార్చడానికి బాగా పనికొస్తాయి. కొంటే మడిచిన ముక్క వెనక అయస్కాంతమో, అంటుకునే పట్టీయో గట్టిగా ఉందో లేదో చూడు. లేకపోతే అది జారి జారి దారానికి అడ్డం పడుతుంది.

ఇప్పుడు దుకాణంలో పరీక్షలు. సిగ్గుపడకు, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. గ్లౌజు తొడుక్కుని కౌంటరు మీద ఒక నాణెం పెట్టుకుని తీయి. తీయగలిగితే చిన్న స్నాప్ కొక్కెం తెరవగలవు. తర్వాత పిడికిలి బిగించు. వేళ్ళ కొసల దగ్గర లాగినట్టుంటే అది బిగుతు. బిగుతైన గ్లౌజు రక్తాన్ని ఆపుతుంది, రక్తం ఆగితే ఎంత మందం పొర ఉన్నా చలే. వేలి చివర కొద్దిగా ఖాళీ ఉండాలి. నీ చేతులు చిన్నవి కదా, మగవాళ్ళ వరసలో చిన్న సైజు తీసుకుని సరిపెట్టుకోకు. వేళ్ళు పొడవై పోయి కొసలు వేలాడతాయి, దారం స్పర్శ తెలియదు. ఆడవాళ్ళ కొలతలవి అడుగు, ఉంటాయి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. గ్లౌజు వేసుకుని చేయి కాసేపు ఉంచి, కాస్త చెమట పట్టాక ఒక్కసారిగా బయటికి లాగు. లోపలి పొర చేతితోపాటు బయటికి వచ్చేసిందంటే ఆ జత వెంటనే అక్కడే పెట్టేయి. తడి చేతితో మళ్ళీ లోపలికి దూర్చబోతే ఆ పొర వేళ్ళల్లోకి వెళ్ళదు, ముద్దగా ఇరుక్కుంటుంది. చలిగాలిలో ఒక్కో వేలూ వెతుక్కుంటూ నిలబడ్డ వాళ్ళకి తెలుస్తుంది ఆ కష్టం. ఇంటికి తెచ్చాక రబ్బరు జత తొడుక్కుని, అంచు మునగకుండా నీళ్ళ బేసిన్లో ఐదు నిమిషాలు చేతులు పెట్టు. ఎక్కడన్నా చెమ్మ తగిలితే తిరిగి ఇచ్చేయి. రసీదు పారేయకు.

వెచ్చదనం కోసం చిన్న పొట్లాలు అమ్ముతారు. వాటిలో ఇనుప పొడి ఉంటుంది, గాలిలోని ఆక్సిజనుతో కలిసి వేడెక్కుతుంది. గాలి చొరబడని గ్లౌజులో కుక్కేస్తే ఆరిపోతుంది. ముందు బయట కాసేపు ఊపిరి తీసుకోనిచ్చి, మిటెన్లో పల్చని ఉన్ని మీదుగా చేతి వెనకవైపు పెట్టుకో. బ్యాటరీ గ్లౌజులు కూడా ఉన్నాయి. అవి ఉంటే మంచిదే, కానీ చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి వాటి మీదే ఆధారపడకు.

వేలి కొస తెల్లగా, మైనంలా మారి స్పర్శ తెలియకపోతే వెంటనే పని ఆపేయి. గాలితో కలిసి మైనస్ 28 అనిపించే చలిలో బయటపడ్డ చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. రుద్దకు. మంచుతో రుద్దమని ఎవరైనా పెద్దరికంగా చెప్పినా వినకు. హీటరు మంట దగ్గర పెట్టకు, స్పర్శ లేని వేలికి కాలుతున్నదీ తెలియదు. వెచ్చని చోటికి వెళ్ళి గోరువెచ్చని నీళ్ళలో ఉంచాలి. తగ్గకపోతే ఆసుపత్రికి.

ఇక లూర్లు.

మీ తాతయ్య గుడివాడ దగ్గర కాలవ గట్టున ఎర్రను గుచ్చి గాలం వేసేవాడు. బెండు బుడుంగున మునిగేది, లాగేవాడు. కొర్రమీనుకైతే కప్పపిల్లని కట్టేవాడు, అది పట్టిందంటే కర్ర వంగిపోయేది. ఇక్కడ ఐసు కింద ఆ దూకుడు ఉండదు. చేప చల్లని నెత్తురు ప్రాణి. ఐసు కింది పొర దగ్గర నీళ్ళు సున్నా డిగ్రీలు, అడుగున నాలుగు. ఆ చలికి దాని ఒంట్లో అన్నీ నెమ్మదిస్తాయి. ఎక్కువ దూరం వెంటాడదు, చిన్న ముక్క తింటుంది, నోట్లో పెట్టుకుని నచ్చకపోతే ఊసేస్తుంది. కొన్నిసార్లు దారం కదలదు కూడా, కాస్త బరువు తేడా తెలుస్తుంది అంతే. ఆ తేడాని పట్టుకోవాల్సింది నీ చూపుడువేలు. పల్చని గ్లౌజు ఎందుకన్నానో అర్థమైంది కదా.

పెట్టెనిండా రంగురంగులవి కొనకు. దుకాణంలో గోడంతా వేలాడుతుంటాయి, అన్నీ కావాలనిపిస్తుంది. ఆరు చాలు. మిల్ లాక్స్ అంటే ముఖ్యంగా వాలై చేప, దాంతోపాటు పెర్చ్. పెర్చికి రెండు చిన్న టంగ్‌స్టన్ జిగ్గులు, అంటే లోహపు గుండు ఉన్న గాలాలు, నాలుగైదు మిల్లీమీటర్లవి. వాలైకి మూడు స్పూన్లు, అంటే మెరిసే లోహపు రేకు లూర్లు, ఔన్సులో ఎనిమిదో వంతువీ, నాలుగో వంతువీ కలిపి. ఆపైన ఒక జిగ్గింగ్ రాప్. అంతే.

టంగ్‌స్టనే ఎందుకు, చవగ్గా వచ్చే సీసం ఎందుకు కాదు అంటావేమో. టంగ్‌స్టన్ సీసం కంటే ఒకటిన్నర రెట్లకి పైగా సాంద్రమైనది. అదే బరువు ఇంకా చిన్న గుండులో ఇమిడిపోతుంది, నోరు చిన్నదైన చేప కూడా అందుకుంటుంది, దారం బిగువుగా నిలిచి తాకిడి వేలికి తెలుస్తుంది. ఇంకో కారణం నాకు మరీ ముఖ్యం. వేసవిలో ఈ సరస్సుల మీద లూన్ పక్షులు వస్తాయి, ఈ రాష్ట్రపు పక్షి అదే. తిన్నది అరగడానికి అడుగునుంచి గులకరాళ్ళు మింగుతుంది. తెగిపడ్డ చిన్న సీసం గుండు ఒక్కటి మింగినా విషమెక్కి చచ్చిపోతుంది. వేసవి రాత్రి దాని పిలుపు నువ్వు ఇంకా వినలేదు. విన్నాక సీసం కొనబుద్ధి కాదు.

జిగ్గు కొన్నాక ఇంట్లోనే ఒక పని చెయ్యి. దారం దూర్చే కన్నం చూడు. చాలావాటికి రంగు అందులోకి పోయి గడ్డకట్టి ఉంటుంది. మరో గాలం మొనతో గుచ్చి తెరువు. ఐసు మీద, చీకటి పడుతుండగా, ఆ కన్నంలోకి దారం ఎక్కించలేక గ్లౌజులు తీసేసి అవస్థ పడేవాళ్ళు ఎందరో. తర్వాత గాలం మొనని గోటి మీద మెల్లగా ఆనించి లాగు. గోరుకి పట్టుకుంటే పదును ఉన్నట్టు, జారిపోతే లేనట్టు. స్పూన్లకి ఉంగరాలు సందు లేకుండా మూసుకుని ఉన్నాయో లేదో గోరుతో తడుము. జిగ్గు కట్టాక నీళ్ళలో అడ్డంగా నిలవాలి. ముడి పైకి కిందికి జరిగితే జిగ్గు వాలిపోతుంది, ప్రతి చేప తర్వాతా ముడి సరిచేసుకో.

స్పూన్లలో మిషిగన్‌లోని గ్లాడ్‌స్టన్‌లో తయారయ్యే స్వీడిష్ పింపుల్ పాతది, నమ్మకమైనది. మన రాష్ట్రంలోని బెమిడ్జీ ఊరి వాళ్ళు చేసే బక్‌షాట్‌లో చిన్న గుళ్ళు గలగలమంటాయి. నీళ్ళు మసకగా ఉన్నప్పుడు ఆ చప్పుడు చేపని దగ్గరికి రప్పిస్తుంది. తేట నీటికి వెండి రంగు, టీ రంగు నీటికి బంగారు రంగు అని ఇక్కడి పాతవాళ్ళ మాట. రంగు గురించి ఇంతకంటే బుర్ర పాడుచేసుకోకు.

ఎందుకంటే చేపని పిలిచేది ముందు కదలిక, ఆ తర్వాతే రంగు. ఫిన్లండులో లౌరి రాపాలా అనే జాలరి, పెద్ద చేపలు గుంపులో ఉన్న చిన్నచేపల్లో కొంచెం తేడాగా ఊగుతూ ఈదేదాన్నే పట్టడం గమనించాడు. 1936లో బెరడు చెక్కి, చాక్లెట్ కాగితం చుట్టి, కరిగించిన ఫొటో నెగటివ్‌లు పూసి ఆ ఊపు వచ్చేలా ఒక లూర్ చేశాడు. నేను చెప్పిన జిగ్గింగ్ రాప్ అదే ఇంటి పేరుతో వస్తుంది. ఎత్తి వదిలితే గుండ్రంగా తిరుగుతూ దిగుతుంది. గొప్ప లూరే, కాకపోతే రెండు చిక్కులు. తోక రెక్క ప్లాస్టిక్, దెబ్బ తగిలితే ఊడుతుంది. ముందూ వెనకా పొట్ట కిందా గాలాలు ఉంటాయి కాబట్టి చేపని పైకి లాగేటప్పుడు కన్నం అంచుకి తగులుకుంటుంది. చేప తల కన్నంలోకి తిరిగేదాకా తొందరపడకు.

గాలాల మాట వచ్చింది కనక చెబుతున్నా, మూడు కొమ్ముల గాలానికీ ఉన్ని గ్లౌజుకీ బొత్తిగా పడదు. ముల్లు అల్లికలో దిగితే ఊడదు, రెండో చేత్తో ఊడదీయబోతే అదీ తగులుకుంటుంది. ఇంట్లోనే ప్లయర్సుతో ఆ ముళ్ళని నొక్కి చదును చేసి పెట్టుకో. చేప జారిపోతుందని భయపడకు, దారం వదులవకుండా చూసుకుంటే చాలు. గ్లౌజులోంచి సులువుగా వస్తుంది, వదిలేయాల్సిన చేప నోట్లోంచి కూడా. చేపని విడిపించేటప్పుడు రబ్బరు జత తడిపి వేసుకుని పట్టుకో, సన్నని ప్లయర్సు దారంతో కోటు జేబుకి కట్టుకో. వదిలేసే చేపని ఫొటోల కోసం చలిగాలిలో పట్టుకు నిలబడవద్దు, దాని కళ్ళూ మొప్పలూ గడ్డకడతాయి.

ముడులన్నీ ఇంట్లోనే. స్పూన్లకి చిన్న స్నాప్ వాడితే ఐసు మీద ముడి అవసరమే ఉండదు. వాలైకి ఆరు పౌండ్ల దారం, పెర్చికి మూడు. అల్లిన దారం నీళ్ళు పీల్చి గడ్డకడుతుంది, అందుకని నైలాను ఒంటి పోగుది తీసుకో.

వాలై కంటి లోపల వెనకవైపు వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటుంది, మసక వెలుగులో అది ఇతర చేపల కంటే బాగా చూస్తుంది. అందుకే పొద్దు గూకే వేళ మేతకి కదులుతుంది. జనవరిలో ఇక్కడ ఐదింటికే పొద్దు గూకుతుంది. అప్పుడు మెరిసే పూత ఉన్న స్పూనుకి టార్చి లైటు చూపించి దించు. స్పూను కొసకి మిన్నో తల ఒకటి గుచ్చు. అడుగుకి తగిలించి ఒక అడుగు పైకి తీసి, ఎత్తి, వదిలి, పది అంకెలు లెక్కపెట్టేదాకా కదపకు. చాలామట్టుకి పట్టేది ఆ ఆగినప్పుడే. చేపకి మంచివేళ అదే, చేతులకి చెడ్డవేళా అదే. చలి అప్పుడే దిగుతుంది, పొద్దుటినుంచి వేసుకున్న గ్లౌజులు అప్పటికి చెమ్మగిల్లి ఉంటాయి. అందుకని ఆ పల్చనివాటిలో మూడో జతని పొడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టి కోటు లోపల, ఒంటికి దగ్గరగా దాచి పెట్టు. సాయంత్రం నాలుగింటికి గానీ తీయకు.

మిగతావి క్లుప్తంగా. కొత్తగా కట్టిన తేట ఐసు కనీసం నాలుగు అంగుళాలు ఉంటేనే నడవాలి. తెల్లగా ఉంటే అంతకు రెట్టింపు కావాలి. అక్కడ రిసార్టు వాళ్ళని అడగందే కాలు పెట్టొద్దు, ఒంటరిగా ఎటూ పోవద్దు. ఐసు పిక్కులు, అంటే నీళ్ళలో పడితే ఐసుకి గుచ్చి పైకి పాకే మొనలు, మెడలో వేసుకో. డేరాలో హీటరు వెలిగిస్తే గాలి సందు తెరిచి ఉంచండి, కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు. లైసెన్సు తీసుకో. నువ్వు ఈ రాష్ట్రానికి వచ్చి అరవై రోజులు దాటింది కాబట్టి స్థానికుల ధరకే ఇస్తారు. మిల్ లాక్స్ వాలై నిబంధనలు ఏటా మారుతుంటాయి, ఎన్ని ఉంచుకోవచ్చో రాష్ట్ర సహజ వనరుల శాఖ, డీఎన్ఆర్ వాళ్ళ పేజీలో వెళ్ళేముందు చూసుకో. తిరిగి వచ్చేటప్పుడు మిన్నోల బకెట్లో నీళ్ళు అక్కడే పారబోయాలి. జీబ్రా మసెల్స్ అనే ఆలిచిప్పలు 2005 నుంచి ఆ సరస్సులో ఉన్నాయి, ఆ నీళ్ళతోపాటు ఇంకో సరస్సుకి పోకూడదు.

గురువారం సాయంత్రం ఆఫీసు అయ్యాక ఇంటికి రా. కొన్నవన్నీ తీసుకురా, ధరల చీటీలు చింపకుండా. భోజనాల బల్ల మీద కూర్చుని ఆ పల్చని గ్లౌజులతోనే ముడులు వేయిస్తాను, వచ్చేదాకా వదలను. నా చాపర్లు నీకు పెద్దవవుతాయి గానీ అత్తయ్యవి సరిపోతాయి. కొనేముందు అవి తొడిగి చూడు, ఆ డబ్బు మిగులుతుంది. అత్తయ్య జంతికలు డబ్బాలో పెట్టి ఉంచుతానంది, మీ స్నేహితులకి కూడా.

మీ మావయ్య